నీళ్ల స్కూటర్‌కు పరీక్ష

నాకు ఈత రాదు. ఈ ముచ్చట ముందే చెప్పి పెడుతున్న. ఎందుకంటే నా నౌకరీ మొత్తంల నేను మస్తు నవ్విన పని, మస్తు భయపడ్డ పని, మస్తు సిగ్గుపడ్డ పని మూడూ ఒక్కటే. అది నీళ్ల స్కూటర్ ఇంజన్ పరీక్ష. నీళ్ల స్కూటర్ మీరు టీవీల చూసే ఉంటరు. స్కూటర్ మీద కూసున్నట్టే కూసుంటరు గానీ కింద చక్రాలుండయి. చెరువు మీద జర్రున ఉరుకుతది, వెనకకెల్లి తెల్లగ నీళ్లు లేస్తయి. అసొంటి బండికి నాచారంల, రేకుల షెడ్డుల, ఈత రాని ఆడమనిషి పరీక్ష పెట్టిందంటే మీకు నవ్వొస్తది. రానీయండి. మేము గూడ నవ్వినం.

నేను జనగామ దిక్కుకెల్లి పెండ్లయినంక నాచారం వచ్చిన. మా ఆయన దారం మిల్లుల చేసేటోడు. నేను ఇంజన్లు, నీళ్ల పంపులు తయారుచేసే ఫ్యాక్టరీల ప్యాకింగ్‌ల చేరిన. ఒక దినం డబ్బాల పెట్టబోయే ఇంజన్‌ను ఆఖరుసారి స్టార్ట్ చేసి చూస్తుంటే, "లోపట ఏదో గీక్కుంటున్నది సార్" అన్న. ఎవ్వరికీ వినపడలే. ఫోర్‌మన్ సారు ఒక్కడే నా మొకం దిక్కు చూసి, ఇంజన్ విప్పించిండు. లోపట రింగు విరిగి ఉన్నది. తెల్లారి నుంచి నన్ను టెస్టింగ్ సెక్షన్‌ల ఏసిండు. పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనిచ్చి, పిడిని చెవికి పెట్టుకుని వినుడు నా పని. ఇప్పుడైతే ఇంజన్‌కు వైరు తగిలిస్తే స్క్రీన్ మీద రోగం పేరు వస్తది. మాకు చెవులే స్క్రీన్లు.

ఫోర్‌మన్ సారు నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలువలే. "ఏం టెస్టింగ్" అనేటోడు. ఏ పనికైనా ఆయన నోట్లకెల్లి రెండే తీర్పులు వచ్చేటివి: "చల్తా", లేకపోతే "నై చల్తా". నడుస్తది, లేకుంటే నడువది, మూడో మాట లేదు. ఫ్యాక్టరీ మూతబడ్డంక ఆయన నాచారంలనే ఒక షెడ్డు పట్టుకుని పాత ఇంజన్లు బాగుచేసుడు మొదలుపెట్టిండు. జనరేటర్లు, కంప్రెషర్లు, అప్పుడప్పుడు ఒక పడవ ఇంజన్. నన్ను రమ్మన్నడు, మా వెల్డర్‌ను గూడ రమ్మన్నడు. వెల్డర్‌ను నేను బావా అంటుండె. చుట్టమేం కాదు. నాచారం మొత్తానికి ఆయన బావే.

ఇగ ముచ్చటకొస్త.

ఉప్పల్‌ల ఒక పాత ఇంటోళ్లు, మొగుడు పెండ్లాలు, మాకు తెలిసినోళ్లు. ఒకప్పుడు వాళ్లకు బర్లుండె, ఎవుసం ఉండె. భూములు కాలనీలైనయి, బర్లు పోయినయి. ఆ అన్నకు ఊకె కూసునుడు రాదు. చెంగిచెర్ల దాటి ఇంకా అవతలికి పోతే ఒక పెద్ద చెరువు ఉంటది. అండ్ల పడవలు తిప్పుకునే లీజు పట్టిండు. తొక్కుడు పడవలు నాలుగు పెట్టిండు. "తొక్కుడు పడవలకు ముసలోళ్లే వస్తున్నరు, నీళ్ల స్కూటర్ ఉంటె పట్నం పట్నం వస్తది" అని ఆయన లెక్క. పాత బండ్లు అమ్మే ఒకాయన సముద్రం దిక్కుకెల్లి రెండు నీళ్ల స్కూటర్లు తెచ్చిండు. రెండిట్ల ఒకటి ఏరుకోవాలె. ఏది మంచిదో చెప్పాల్సింది మేము.

ఎండకాలం పొద్దున రెండు ట్రాలీ ఆటోల మీద అవి ఊరేగుకుంట వచ్చినయి. ఉప్పల్‌ల మెట్రో పిల్లర్ల కింద సిగ్నల్ పడితే చుట్టుపక్కలోళ్లంత ఫోన్లు తీసిన్రట. ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరికొచ్చి, "నంబర్ ప్లేట్ ఏది?" అన్నడట.

"ఇది రోడ్డు మీద నడువది సార్" అన్నడట అన్న.

"నడువకపోతే రోడ్డు మీదికెందుకొచ్చింది మరి?"

దీనికి జవాబు దొరుకకముందే గ్రీన్ పడిందట. అన్న మా షెడ్డుల కాలు పెట్టుడుతోనే ఈ ముచ్చట చెప్పి పడిపడి నవ్విండు. నల్ల కండ్లద్దాలు పెట్టుకుని, రెండిట్ల ఎర్రగున్న బండి మీద ఎక్కి కూసుని, బావతోని ఫోటో తీపిచ్చుకున్నడు. అప్పటికి ఆయన మనసుల బేరం అయిపోయింది.

ఆయన మురువంగ తప్పేం లేదు. ఎర్రది అట్లున్నది మరి. అద్దం లెక్క మెరుస్తున్నది. రెండోది నీలం బండి. ఎండకు వెలిసిపోయి, సీటుకు అతుకేసి, పక్కన గీతలు పడి, దవాఖానాకెల్లి ఇంటికొచ్చిన మనిషి తీరుగున్నది.

ఆయన వెంబడి వచ్చిన ఆయన పెండ్లాం, మా అక్క, బండ్ల దిక్కు చూడనే లేదు. సీదా నా తానకొచ్చింది. గట్టి మనిషి. పెండ్లయిన కొత్తల ట్రాక్టర్ నేర్చుకుని మొగోళ్లతోని సమానంగ దున్నింది.

"చెల్లె, నాకు రంగుతోని పని లేదు" అన్నది. "మంది పిల్లలు దాని మీద కూసుంటరు. చెరువు నడుమ ఆగిపోతే ఎట్ల? ఆగేదేది, ఆగనిదేది, గంతే చెప్పు."

ఇంజన్ కొనేటోళ్లు ఎందరో వచ్చిన్రు నా తానకు. గంత సాఫుగ అడిగినోళ్లు ఇంకెవ్వరూ లేరు.

అమ్మేటాయన తెల్ల చొక్కా ఏసుకుని, మర్యాదగ నిలబడి, "మీరేం కంగారు పడకండి మేడమ్ గారూ" అన్నడు. "రెండూ మంచినీళ్లలో తిరిగినవేనండి. ఎర్రదైతే అసలు తిరగలేదనే చెప్పాలి. మీటర్ చూడండి."

ఈ బండ్లకు కిలోమీటర్లుండయి, గంటలుంటయి. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో మీటర్ చూపిస్తది. ఎర్రదాని మీటర్ చూస్తే నిజంగనే నడువనట్టే ఉన్నది. గానీ కాళ్లు పెట్టేకాడ రబ్బరు మీది గీతలు అరిగి నున్నగైనయి. హ్యాండిల్ పిడులు గూడ అంతే. మీటర్ చిన్నపిల్ల, రబ్బరు ముసల్ది. సీటు లేపిన.

లోపట ఇంజన్ నల్లగ నిగనిగలాడుతున్నది. మస్తు మంచిగుందని బావ అన్నడు. వంగి చూసిన. పెయింట్ ఇంజన్‌కే కాదు, పైపులు బిగించే పట్టీల మీద ఉన్నది, బోల్టుల మీద ఉన్నది, ఒక వైరు మీద గూడ ఉన్నది. కంపెనీల ఎవ్వరూ వైర్లకు పెయింట్ ఎయ్యరు. బ్యాటరీ కింద చెయ్యి పెట్టి గోకితే తెల్లటి పొడి గోరుకొచ్చింది. ఏందో తేలాలె గదా, నాలుకకు పెట్టుకున్న.

"ఏం టెస్టింగ్, నాశ్తా చేస్తున్నవా?" అన్నడు ఫోర్‌మన్ సారు.

"ఉప్పు సార్."

"మంచినీళ్లల్ల ఉప్పు ఎవరేసిన్రు?"

అమ్మేటాయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నడు. "నాకూ మంచినీళ్లనే చెప్పారండి" అన్నడు మెల్లగ. మొకం చూస్తే అబద్ధం అనిపియ్యలే నాకు.

ప్లగ్గులు తీసి ఒత్తిడి మీటర్ పెట్టినం. ప్లగ్గు తొర్రకు మీటర్ పెట్టి ఇంజన్ తిప్పితే, లోపట పిస్టన్ గాలిని ఎంత గట్టిగ ఒత్తుతున్నదో ముల్లు చెప్తది. మూడు సిలిండర్లు. రెండిట్ల ముల్లు మంచిగ లేచింది. మూడోదాంట్ల సగం దాక పోయి, ఓపిక లేనట్టు ఆన్నే కూసున్నది. ఉప్పునీళ్లు లోపట తినుకుంట వచ్చినయన్న మాట. నాలుగు దినాలు ఉరుకుతది, ఐదో దినం చెరువు నడుమ కూసుంటది.

"నై చల్తా" అన్నడు ఫోర్‌మన్ సారు.

అన్న కండ్లద్దాలు తీసిండు. ఆయన మొకం చూస్తే నాకే పాపమనిపిచ్చింది. ఫోటో గూడ దిగిండు గదా!

ఇగ నీలం బండి. ముందర డబ్బా మూత తీస్తే ప్లాస్టిక్ కవర్ల చుట్టిన నోటుబుక్కు ఉన్నది. ఎవరో తెల్వని మెకానిక్ రాసుకున్నది. ముత్యాల అసొంటి రాత. "ఈరోజు ఉప్పునీళ్లలో తిప్పాం, సాయంత్రం మంచినీళ్లతో అరగంట కడిగాం." "ఆయిల్ మార్చాం." "ప్లగ్గులు కొత్తవి." "ఎడమ పక్క బోల్టుకు తుప్పు, తీసి గ్రీజు పెట్టాం." పేజీ తర్వాత పేజీ ఇదే. ఈ బండి గూడ ఉప్పునీళ్లల్లనే తిరిగింది. ఎర్రదానికంటె ఎక్కువనే తిరిగింది. గానీ తిరిగినప్పుడల్లా ఒక మనిషి దాన్ని పిల్లకు తానం పోసినట్టు కడిగిండు. ఎర్రదానికి పెయింట్ దొరికింది, నీలందానికి మనిషి దొరికిండు. నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అక్కకు చదివి వినిపిస్తనే ఉన్న. అక్క గూడ, "గిట్ల రాసేటోడు బర్లను మంచిగ చూసుకుంటడు" అని మెచ్చుకున్నది.

ఒత్తిడి చూసినం. మూడు సిలిండర్లల్ల ముల్లు ఒక్క దగ్గరనే ఆగింది, గీత గీసినట్టు. నేను ఇగ నేల మీద లేను. ఉప్పు పట్టింది నేనే, పెయింట్ పట్టింది నేనే, మంచి బండిని కనిపెట్టింది నేనే. ఒళ్లంత తేలికైంది. మీకెవ్వరికైనా గట్ల తేలికైతే, జర ఆగి చేతులు జేబుల పెట్టుకోండి. నాకు చెప్పేటోళ్లు లేకుండె.

స్టార్ట్ చేసి వినుడు మిగిలింది. ఈ బండి చెరువుల ఉన్నప్పుడు చెరువు నీళ్లనే గుంజుకుని ఇంజన్‌ను చల్లబరుచుకుంటది. షెడ్డుల చెరువు లేదు గనుక, వెనక ఉండే గొట్టానికి నల్లా పైపు తగిలియ్యాలె. జనరేటర్ ఇంజన్‌కు మేము ఎప్పుడైనా ముందు నీళ్లు విప్పుతం, అవి తిరిగినంకనే స్టార్ట్ చేస్తం. ఎన్నో ఏండ్ల అలవాటు.

"నల్లా తిప్పు బావా!" అని కేకేసిన.

బావ తిప్పిండు. నేను బటన్ ఒత్తిన. సప్పుడు లేదు. బ్యాటరీ దిగిపోయింది. వైర్ల కొసలకు పచ్చటి బూజు. గీకినం. ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలిచ్చినం. ఇంతల చాయ్ వచ్చింది. చాయ్ తాగుకుంట నేను అక్కకు ఇంజన్ ఎట్ల పని చేస్తదో చేతులు తిప్పుకుంట చెప్పిన. నల్లా మాత్రం నడుస్తనే ఉన్నది.

అప్పుడు బటన్ ఒత్తిన.

"టక్."

ఒక్కటే సప్పుడు. మళ్ల ఒత్తిన. గది గూడ లేదు. ఇంజన్ రాయి లెక్క బిగుసుకుపోయింది.

అన్న ఒక్కడే లేచి నిలబడ్డడు, కండ్లద్దాలు మళ్ల పెట్టుకున్నడు. "చూసిన్రా! నేను చెప్పలే? ముల్లు గిల్లు కాదు, బండి మొకం చూస్తనే తెలుస్తది. ఎర్రదే మంచిది!"

అమ్మేటాయన గూడ అందుకున్నడు. "పాతది కదండీ మరి. పోనీలెండి, ఎర్రది తీసుకోండి, దీన్ని నేను తీసుకుపోతాను."

"రెండూ తీస్కపో" అన్నడు ఫోర్‌మన్ సారు. "ఇదీ నై చల్తా."

అక్క నా దిక్కు చూసింది. చెల్లె గిట్ల చెప్పిందేంది అన్నట్టు చూసింది, గంతే. నేను పోయి నీలం బండి పక్కన కింద కూసున్న. ముల్లు గట్ల లేచిన ఇంజన్ ఇంతల ఎట్ల చస్తది? ఏం తోచక నోటుబుక్కు మళ్ల తిప్పిన. ఆఖరు పేజీకి వచ్చిన. పొద్దుగాల ఆ పేజీ దాక రాలేదు. దాని మీద ఎర్ర పెన్నుతోని పెద్ద పెద్ద అక్షరాలు:

"కడిగేటప్పుడు ముందు ఇంజను స్టార్టు చేయండి. తర్వాతే నీళ్లు విప్పండి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయండి. తర్వాతే ఇంజను. మరిచిపోతే నీళ్లు ఇంజనులోకి పోతాయి. దయచేసి మరిచిపోవద్దు."

ఇంజన్ నడుస్తుంటేనే పొగతోని పాటు ఆ నీళ్లు బయటికి పోతయి. నడువకపోతే అవి పొగ గొట్టం నిండి, వెనక్కి తన్ని, సిలిండర్లకు చేరుతయి. గాలిని పిస్టన్ ఒత్తుతది గానీ నీళ్లను ఒత్తలేదు. చాయ్ తాగుకుంట, చేతులు తిప్పుకుంట, మంచి ఇంజన్‌ను నేను నీళ్లల్ల ముంచిన.

నిజం చెప్తున్న, రెండు నిమిషాలు నా మనసు మంచిగ లేకుండె. ఎవ్వరికీ తెల్వదు. నోటుబుక్కు నా చేతిల ఉన్నది. నేను నోరు మూసుకుంటె నీలం బండిని అమ్మేటాయన తీస్కపోతడు. అన్న ఎర్రది పట్టుకుంటడు. నా చెవులకున్న పేరు పోదు. గానీ ఎర్రదాని మీద మంది పిల్లలు కూసుంటరు. అక్క అడిగింది గదే గదా.

లేచిన. "బండిది తప్పు కాదు సార్. నాది" అన్న. నోటుబుక్కు ఆయన చేతిల పెట్టిన.

"నల్లా తిప్పింది నేను గదా" అని బావ ముందుకొచ్చిండు. ఏం జరిగిందో ఆయనకు ఇంకా సమజే కాలేదు, తిట్లు పడుతయని మాత్రం సమజైంది.

"తిప్పమన్నది నేను. నువ్వు జరుగు బావా."

ఫోర్‌మన్ సారు ఆ పేజీ రెండుసార్లు చదివిండు. "చదువలేదా నువ్వు?"

"ముందటి పేజీలు చదివిన. ఇది చదువలే."

"ఎందుకు?"

"మురిసిపోయిన సార్."

ఆయన నా దిక్కు చూసిండు, బండి దిక్కు చూసిండు, నల్లా దిక్కు చూసిండు. తిడుతడని తల దించుకున్న. ఒక్కసారి బుస్సున నవ్విండు. "నేను గూడ పక్కన్నే నిలబడి చాయ్ తాగిన గదనే! నాకైనా తెలిసిందా? తీ, ప్లగ్గులు తీ."

అమ్మేటాయనకు కోపమొచ్చింది. రావాలె గూడ. "అంటే నా బండి మీరు పాడుచేశారా అండీ?" అన్నడు గొంతు లేపి.

"చేసినం" అన్నడు సారు. "సాయంత్రం దాక టైమియ్యి. నడువకపోతే ఏం చెయ్యమంటే గది చేస్తం."

ప్లగ్గులు మూడూ తీసినం. ఇప్పుడు ఇంజన్ తిప్పితే లోపటి నీళ్లు ఆ తొర్రలకెల్లి ఎగుస్తయి. "ఎవ్వరూ దగ్గరికి రాకున్రి" అని సారు అంటనే ఉన్నడు. అన్న వింటడా! ఏం వస్తదో చూద్దామని వంగనే వంగిండు. అమ్మేటాయన తన బండి మీద ఫికర్‌తోని అటు పక్కకెల్లి వంగిండు. నేను బటన్ ఒత్తిన.

మూడు ధారలు! షెడ్డు రేకులకు తగిలి తడతడ మోగినయి. రేకులకెల్లి వాన లెక్క కిందికి పడ్డయి. తెల్ల చొక్కా బూడిద రంగైంది. అన్న కండ్లద్దాలకెల్లి నీళ్లు కారుతున్నయి, అన్న మాత్రం గట్లనే వంగి ఉన్నడు, కదులుతలేడు. అక్కకు ముందు నవ్వొచ్చింది. ఆమె నవ్వుకు నాకొచ్చింది, నా నవ్వుకు బావకొచ్చింది. ఆఖరుకు అమ్మేటాయన చొక్కా పిండుకుంట, "ఇదెక్కడి అభిషేకమండీ బాబూ" అని ఆయన గూడ నవ్విండు. ఆ నవ్వుతోని షెడ్డుల ఉన్న కోపమంత కొట్టుకుపోయింది.

నవ్వితే పని కాదు గదా. ఆయిల్ తీస్తే పాలు పోసిన చాయ్ రంగుల వచ్చింది. అంటే నీళ్లు ఆయిల్‌ల గూడ కలిసినయి. పారబోసి కొత్తది పోసినం, తిప్పినం, మళ్ల తీసినం. రెండోసారి గూడ చాయే వచ్చింది. గట్లనే ఇడిస్తే తెల్లారేసరికి లోపట తుప్పు పడ్తది, అందుకని ఎవ్వరం అన్నం తినలే. అక్క కొంగు నడుముకు చెక్కి, గరాటు పట్టుకుని ఆయిల్ పోసుకుంట, "మా బర్రెకు పొదుగు వాస్తే ఇంతకు రెండింతల తిప్పలు" అన్నది. అన్న గూడ మెల్లగ వచ్చి గుడ్డతోని ప్లగ్గులు తుడువవట్టె. మూడోసారి ఆయిల్ తేనె రంగుల దిగింది.

ఒత్తిడి మళ్ల చూసినం. ముల్లు పొద్దుగాల ఏడ ఆగిందో మూడిట్ల ఆడనే ఆగింది.

"చెప్పు టెస్టింగ్" అన్నడు సారు. "ముందేంది?"

"ఇంజన్ సార్."

"తర్వాత?"

"నీళ్లు."

బటన్ ఒత్తిన. దగ్గింది, తెల్లగ పొగ కక్కింది, ఆగుతదేమో అనిపిచ్చింది, ఆగలే. "ఇప్పుడు తిప్పు బావా!" అని అరిచిన. స్క్రూడ్రైవర్ ఆనిచ్చి చెవి పెట్టిన. మూడు సిలిండర్లు ఒక్క తీరుగ, ఎవరో లోపట కూసుని కుట్టుమిషిన్ తొక్కుతున్నట్టు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పొగ తగిలింది అని చెప్పిన.

సారు మాత్రం చల్తా అనలే. "నీళ్ల బండికి నీళ్ల మీదనే తీర్పు. రేపు పొద్దుగాల చెరువుకాడికి. నువ్వు బండి మీద కూసుని విని రా."

"నాకు ఈత రాదు సార్."

"ఇంజన్‌కు వస్తే చాలు."

ఆ నీలం బండి ఏమైందని మీరు అడుగుతరు, గది ఇప్పుడే చెప్పేస్త. వాళ్లు దాన్నే కొన్నరు. నేను నౌకరీ ఇడిసేదాక ప్రతి సీజన్‌కు షెడ్డుకొచ్చింది, చెరువు నడుమ ఇంజన్ తప్పుతోని ఒక్కసారి గూడ నిలబడలే. అక్క ఆ నోటుబుక్కుల మిగిలిన పేజీలు నింపి రెండోది మొదలుపెట్టింది. అమ్మేటాయన ఎర్రదాన్ని తీస్కపోయిండు. తర్వాత ఒకసారి ఫోన్ చేసి, "మేడమ్ గారూ, ఇంకో బండి కొంటున్నానండి, బ్యాటరీ కింద పొడి ఉంది, నాకితే ఉప్పగా ఉంది, ఏం చేయమంటారు?" అన్నడు. కొనకు అన్న. కొనలే. ఆ నోటుబుక్కు రాసినాయన ఎవరో మాత్రం తెలువలే. ఆయన్ను కలవాలని ఇప్పటికీ ఉన్నది.

మరి చెరువుకాడ ఏమైందో విన్రి.

అన్నే నడుపుతనన్నడు. లైఫ్ జాకెట్ ఏసుకున్నడు, కండ్లద్దాలు పెట్టుకున్నడు, బండికి ఉండే తాడును చేతికి కట్టుకున్నడు. మనిషి పడిపోతే ఆ తాడు ఊడి ఇంజన్ దానంతటదే బంద్ అయితది. అది పని చేస్తదా లేదా చూడాలె అని నేను కాగితం మీద రాసుకున్న. అన్న హ్యాండిల్ ఒత్తిండు. బండి ముందుకు పోయింది. అన్న ఆన్నే ఉన్నడు, నీళ్లల్ల. తాడు ఊడింది, ఇంజన్ బంద్ అయింది. తాడు పని చేస్తున్నది అని టిక్కు పెట్టుకున్న.

"లే, ఇగ లే" అన్నది అక్క మొగణ్ని లేపుకుంట. జాకెట్ ఆమె ఏసుకున్నది, ఇంకోటి నాకు తొడిగింది. బండెక్కి, ట్రాక్టర్ మీద కూసున్నట్టు నిటారుగ కూసున్నది. "రా చెల్లె."

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎక్కబోతే సారు దాన్ని గుంజుకున్నడు. అక్క నడుమును రెండు చేతులతోని పట్టుకున్న. అక్క హ్యాండిల్ ఒత్తింది. అయ్యో! నా పానం వెనక గట్టు మీదనే ఉండిపోయి, ఒళ్లు ఒక్కటే ముందటికి పోయినట్టైంది. నీళ్లు రోడ్డంత గట్టిగుంటయని ఎవ్వరూ చెప్పలే. బండి ఎగిరి పడినప్పుడల్లా ఒక దేవుని పేరు తీసిన. ఊర్ల దేవుండ్లు అయిపోయినంక పక్క ఊరోళ్లను గూడ పిలిచిన. గానీ పని మరువలే. మోకాళ్లతోని ఇంజన్ సప్పుడు పట్టుకుంటనే ఉన్న. ఒక్క తీరుగున్నది.

చెరువు నట్టనడుమకు పోయినం. అప్పుడు సప్పుడు మారింది. ఇంజన్ గొంతు ఒక్కసారి పైకి లేచింది. బండి మాత్రం మెల్లగైంది, ఆగింది.

"నేను భయపడ్డదే ఆయె!" అన్నది అక్క. "చెరువు నడుమ ఆగిపాయె చెల్లె!"

అక్క నడుమును ఇంకింత గట్టిగ పట్టుకున్న, చెవులు మాత్రం వింటున్నయి. "అక్కా, జర ఒత్తు మళ్ల" అన్న. ఒత్తింది. ఇంజన్ హాయిగ అరుస్తున్నది. రోగమున్న గొంతు కాదు, బరువు లేని గొంతు. "ట్రాక్టర్ చక్రం బురదల జారితే ఎట్ల అరుస్తది?" అని అడిగిన.

"గిట్లనే" అన్నది అక్క. ఆమెకు సగం సమజైంది.

"ఇంజన్ మంచిగున్నది. ఇది కింద నీళ్లు గుంజి వెనకకు చిమ్ముకుంటనే ఉరుకుతది, ఆ గుంజే నోట్ల ఏదో ఇరికింది. బంద్ చెయ్యి, తాడు తీసెయ్యి."

అక్క తాడు తీసి, చీర సదురుకుని, నీళ్లల్లకు దిగింది. నేను ఒక్కదాన్నే చెరువు నడుమ, ఊగే బండి మీద, రెండు చేతులతోని సీటును కరుచుకుని ఉన్న. అక్క బండి కిందికి చెయ్యి పెట్టి గుంజుతున్నది. "ఏందో పొడుగున్నది చెల్లె... వస్తున్నది... వచ్చింది!" అని పైకి లేపింది. ఫ్లెక్సీ ముక్క! ఏ లీడర్‌దో తెల్వదు, మొకం లేదు. రెండు చేతులు మాత్రం ఉన్నయి, దండం పెడుతున్నయి.

అక్క నీళ్లల్ల, నేను బండి మీద. ఇద్దరం కడుపు నొచ్చేటట్టు నవ్వినం. గట్టు మీదోళ్లకు మా నవ్వు ఏడుపు తీరుగ వినపడ్డదట. అన్న తొక్కుడు పడవ ఎక్కి మమ్మల్ని కాపాడనీకి బయలెల్లిండట, బావ వెనకకెల్లి గట్టిగ తొక్కుమని అరుస్తున్నడట.

అక్క బండెక్కింది. తాడు పెట్టింది. బటన్ ముట్టుకున్నదో లేదో ఇంజన్ అందుకున్నది. ఇగ నా భయం ఏడ పోయిందో తెల్వదు. "ఇంకో చుట్టు ఏద్దామా?" అన్నది అక్క. "ఎయ్యి!" అన్న. అన్న తొక్కుడు పడవ చుట్టూ తిరిగినం, అన్న మళ్లొకసారి తడిసిండు. చెరువు ఈ కొసకెల్లి ఆ కొస దాక ఉరికినం. నేను అరిచిన. భయంతోని కాదు. మా ఊర్ల చిన్నప్పుడు అరిచిన తీరుగ, ఊకెనే, గట్టిగ, గొంతు పోయేదాక.

గట్టుకొచ్చి దిగినం. జుట్టు ముడి ఊడి మొకం మీద పడ్డది. ఫోర్‌మన్ సారు కాగితం, పెన్ను పట్టుకుని ఎదురుంగ నిలబడ్డడు.

"చెప్పు టెస్టింగ్. ఆఖరుకు ఫుల్ స్పీడ్‌ల తిప్పిన్రు గదా. అప్పుడు ఇంజన్ సప్పుడు ఎట్లున్నది?"

ఎన్నో ఏండ్లల్ల మొదటిసారి, ఇంజన్ నడుస్తుంటే నేను వినలే.

"వినలేదు సార్" అన్న.

"వినలేదా? మరి ఏం చేసినవ్ గంతసేపు?"

"అరిచిన సార్."

ఆయన పెన్ను మూత పెట్టిండు. మొకంల నవ్వు దాస్తున్నడు గానీ దాగుతలేదు. "అయితే తీర్పు ఎట్ల రాయాలె నేను?"

"మళ్లొకసారి పోవాలె సార్."

అక్క అప్పటికే సీటు మీద వెనక్కి జరిగింది. ముందర చోటు చూపెట్టింది. తాడు నా చేతికి కట్టింది. నేను హ్యాండిల్ పట్టుకుని, ఊపిరి గట్టిగ పీల్చుకుని, ఒత్తిన.